నా చేతికివ్వండి

నన్ను ఇంట్లోంచి పంపించేస్తానని ఒట్టు వేయడానికి యెరూషలేము బయల్దేరిన మా ఆయనకి దారిలో తినడానికి రొట్టెలు కాల్చి మూటకట్టి ఇచ్చింది నేనే. ఆ సంగతి నాకప్పుడు తెలియదు. ఆయనకి తెలుసు.

"మూడు రోజులకి సరిపడా కట్టు. వానలు పడుతున్నాయి, మెత్తబడకుండా గట్టిగా కాల్చు," అన్నాడు పెలత్యా. తెల్లవారకముందే లేచి తిరగలి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. మా ఐదుగురికీ ఒక రోజు పిండి విసరడానికే పొద్దు బారెడెక్కుతుంది. దానికి తోడు ఆయన మూడు రోజుల రొట్టెలకీ విసిరేసరికి మోకాళ్ళ మీద చర్మం లేచిపోయింది. ఆయన మూట అందుకుని, "అంజూరపండ్లు పెట్టావా?" అని అడిగాడు. పెట్టానన్నాను. నా ముఖంలోకి చూడకుండా వెళ్ళిపోయాడు. చూడకపోవడం కొత్తేమీ కాదు కాబట్టి నాకేమీ అనిపించలేదు.

నా పేరు అరిషతు. మాది సముద్రం ఒడ్డున ఉన్న అష్డోదు. మా నాన్న ఉప్పుచేపలు గాడిదల మీద వేసుకుని కొండలెక్కి యూదుల ఊళ్ళలో అమ్మేవాడు. అలా నెటోపాలో పెలత్యా వాళ్ళ నాన్నతో పరిచయమైంది. వాళ్ళది బబులోను చెరనుంచి తిరిగొచ్చిన కుటుంబం. తాతల నాటి పొలం రాళ్ళతో ముళ్ళపొదలతో నిండిపోయి ఉంటే, దాన్ని మళ్ళీ పంటకి తెచ్చేసరికి ఆ ఇంట్లో మనుషులు అరిగిపోయారు. కోడలు కావాలి, ఓలి ఇచ్చుకునే స్తోమత లేదు. మేమేమో ఆరుగురు ఆడపిల్లలం. అప్పటికి బతికున్న మామగారే మా ఇంటికి వచ్చి, మా అమ్మ వండిన చేపల కూరతో కడుపునిండా తిని, "మీ పిల్లని నా బిడ్డలా చూసుకుంటాను" అన్నాడు. నాది ఏ దేవుడని అప్పుడెవరూ అడగలేదు. ఎంత బరువు ఎత్తగలదని మా అత్త హమూటలు మాత్రం అడిగించిందట.

పన్నెండేళ్ళలో వాళ్ళ పద్ధతులన్నీ నేర్చుకున్నాను. ఏది తినొచ్చో ఏది తినకూడదో, నెలసరి రోజుల్లో ఏ చాప మీద కూర్చోవాలో, ఏ పండగకి ఏ కుండ తియ్యాలో అన్నీ. మా ఊరి దేవత పేరు నోటివెంట రాకుండా పురుడు కూడా పోసుకున్నాను. అయినా పప్పు మాడితే "అష్డోదు బుద్ధి" అనేవాళ్ళు. నేసిన బట్ట బాగా కుదిరితే "మా ఇంట్లో నేర్చుకుంది" అనేవాళ్ళు. తప్పులన్నీ నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి, ఒప్పులన్నీ వాళ్ళు పెట్టినవి. మా పెద్దది తిర్సా మాటలు నేర్చే రోజుల్లో నీళ్ళని మా భాషలో అడిగింది. నేనెప్పుడన్నానో నాకే గుర్తులేదు, నిద్రపుచ్చేటప్పుడు అని ఉంటాను. పెలత్యా చేతిలో గిన్నె కింద పెట్టి, "నా ఇంట్లో ఆ కూత వినబడకూడదు," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఆ తర్వాత ఉజ్జీ పుట్టినప్పుడు నేను వాడితో తక్కువ మాట్లాడాను. ఏ మాట ఎటునుంచి జారుతుందోనని భయం. వాడికి మూడేళ్ళు వచ్చేదాకా సరిగా మాటలు రాలేదు. దానికీ కారణం తల్లి వైపు రక్తమే అన్నారు.

విశ్రాంతి దినం సంగతి చెప్పాలి. ఏడో రోజు పని చెయ్యకూడదు. మంచిదే. కానీ ఆ రోజు తినే తిండి ముందు రోజే వండాలి, తాగే నీళ్ళు ముందు రోజే తేవాలి, పొయ్యిలోకి పిడకలు ముందు రోజే సర్దాలి. అంటే ఆరో రోజు రెండు రోజుల పని. ఏడో రోజు పెలత్యా మంచం మీద కాళ్ళు చాపుకుని, "చూశావా, మా దేవుడు ఎంత దయగలవాడో, అందరికీ విశ్రాంతి ఇచ్చాడు," అనేవాడు. నడుం నొప్పితో గోడకి ఆనుకుని అవునన్నాను, చాలా ఏళ్ళు.

ఆయన వెళ్ళిన ఐదో రోజు సాయంత్రం తిరిగొచ్చాడు. ముద్దగా తడిసి, పళ్ళు టకటకలాడుతూ. పైబట్ట పిండి, పొయ్యి దగ్గర ఆరేశాను. వేడిగా చిక్కుడు గింజల జావ ఇచ్చాను. సగం తాగాడు. తర్వాత గిన్నెలోకి చూస్తూ, "నువ్వు వెళ్ళాలట," అన్నాడు.

"ఎక్కడికి?"

"మీ వాళ్ళ దగ్గరికి. పరాయి జాతి భార్యలందర్నీ పంపించెయ్యాలని తీర్మానం. సభకి రానివాళ్ళ ఆస్తి లాక్కుంటామన్నారు, సమాజంలోంచి వెలేస్తామన్నారు. దేశంలో మగవాళ్ళంతా వచ్చారు."

"ఎవరు చేశారు తీర్మానం?"

"అందరం."

"నువ్వూనా?"

"వాన పడుతోందే. గుడి ముందు బయలులో కూర్చోబెట్టారు, నెత్తిన గుడ్డ కూడా లేదు. అందరూ 'అలాగే చేస్తాం' అని అరిచారు. నేనొక్కణ్ణీ ఏం చెయ్యను?"

మా అత్త మూలన ఉన్ని దువ్వుతూ చెయ్యి ఆపింది. ఆమెకీ తెలియదని అప్పుడే నాకు అర్థమైంది.

"మనకి శాస్త్రం ఇచ్చిన మోషే పెళ్ళాం ఏ ఊరిదిరా?" అంది కొడుకుతో.

"నువ్వూరుకో అమ్మా."

"మిద్యాను పిల్ల కాదూ? అడక్కపోయావా అక్కడ?"

"ధర్మశాస్త్రం చెప్పే ఆ శాస్త్రిగారే బట్టలు చింపుకుని ఏడుస్తుంటే నేను మిద్యాను గురించి అడగనా?" అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. ఆ రాత్రి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. ఆయన కళ్ళలో అబద్ధం లేదు, భయం ఉంది. "మా ముత్తాతని గొలుసులు వేసి బబులోనుకి ఈడ్చుకెళ్ళారు. గుడి తగలబెట్టారు. ఎందుకు? పరాయి దేవుళ్ళ బొమ్మలు ఇళ్ళలోకి రానిచ్చినందుకు. మేం పిడికెడు మందిమి మిగిలాం. మళ్ళీ అదే జరిగితే ఇంక మిగిలేదెవరు?"

"నేనేం బొమ్మ తెచ్చాను?"

"నువ్వేం తేలేదు."

"మరి?"

"నువ్వే వచ్చావు కదా," అన్నాడు.

ఆయన తాగిన గిన్నె తీసి కడిగాను. కడుగుతూ, ఇదెందుకు కడుగుతున్నాను అనుకున్నాను. అయినా కడిగాను. చేతులకి అలవాటు.

ఊరూరా పెద్దలు కూర్చుని ఒక్కో ఇంటి సంగతీ విచారిస్తారని, మా ఊరి వంతు రావడానికి రెండు నెలలు పడుతుందని తెలిసింది. ఆ రెండు నెలలూ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా వీధిలో నాలాగే పరాయి దేశంనుంచి వచ్చిన ఒక మోయాబు ఆవిడ ఉండేది. ఆమె ఒక రోజు నీళ్ళకని వెళ్ళి, కుండ బావి దగ్గరే పెట్టేసి తిరిగి రాలేదు. నేను మాత్రం బార్లీ చేలో కలుపు తీశాను, ఉజ్జీకి చలికి చొక్కా నేశాను, మా అత్త తుంటికి నూనె రాశాను. ఆమె తుంటి విరిగి నాలుగేళ్ళయింది. నేలమీద కూర్చోలేదు, తిరగలి తిప్పలేదు. ఈలోగా తెకోవనుంచి ఎవరో చుట్టాలు వచ్చి వెళ్ళారు. వాళ్ళ పిల్ల ఒకతె ఉందట, మంచి వంశమట, పద్నాలుగేళ్ళట. వాళ్ళకి అన్నం పెట్టి, కాళ్ళకి నీళ్ళిచ్చిందీ నేనే.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు పెలత్యా నన్ను కొట్టం దగ్గరికి పిలిచాడు. ముఖం వెలుగుతోంది.

"నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదే," అన్నాడు. "నేనూ అమ్మా ఆలోచించాం. తీర్మానం భార్యల గురించే. దాసుల గురించి ఏమీ లేదు. దాసిగా ఉండిపో. పని మామూలే. ఈ కొట్టంలో ఆ పక్కన గోడ కట్టిస్తాను, పిల్లలూ నువ్వూ ఉండొచ్చు. ఉజ్జీ గొర్రెల్ని చూసుకుంటాడు. తిండికి లోటుండదు. పైగా తెకోవ పిల్ల చిన్నది, దానికి పని నేర్పించేవాళ్ళు కావాలి."

నిజం చెప్పాలంటే మొదట నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. పిల్లలు ఈ ఊళ్ళోనే ఉంటారు. వాళ్ళకి తెలిసిన దార్లు, తెలిసిన గొర్రెలు. ఆయనకి నామీద దయ ఉంది అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, కృతజ్ఞతతో. ఆ పూటంతా అదే తలుచుకుంటూ పని చేశాను. నీళ్ళు తెచ్చాను, పిడకలు చేశాను, పాలు తీశాను, మగ్గం మీద నాలుగు వేళ్ళంత బట్ట నేశాను. దాసినైతే ఇందులో ఏది మానతాను? ఏదీ మానను. ఏది కొత్తగా చేస్తాను? ఏదీ చెయ్యను. పక్క ఒక్కటే మారుతుంది. మరి ఈ పన్నెండేళ్ళూ నేను ఎవర్ని?

అప్పుడే ఇంకోటి గుర్తొచ్చింది. అంతకుముందు ఏడో నెలలో యెరూషలేములో ధర్మశాస్త్రం అందరికీ చదివి వినిపించారు. విశ్రాంతి దినాన ఎవరెవరు పని చెయ్యకూడదో ఒక్కొక్కరినీ పేరుపేరునా చెప్పారు. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ ఇంట ఉన్న పరదేశి. గాడిదని కూడా మర్చిపోలేదు. భార్య మాట లేదు. చదివేవాడు పొరపాటున వదిలేశాడేమో అనుకున్నాను అప్పుడు. పొరపాటు కాదు. ఆరో రోజు చాకిరీ ఎవరో ఒకరు చెయ్యాలి కదా. దాసినైతే కనీసం ఆ వరసలో నాకూ చోటుంటుందని తట్టి, పాల కుండ ముందు కూర్చుని నవ్వాను. చాలాసేపు నవ్వాను. తిర్సా భయపడి, "అమ్మా, ఏమైంది?" అంది.

"ఏం లేదమ్మా. లెక్క తేలింది," అన్నాను.

బాదం చెట్లు పూసే రోజుల్లో మా ఊరి వంతు వచ్చింది. పెద్దలు ముగ్గురు ఊరి ముఖద్వారం, గవిని దగ్గర కూర్చున్నారు. వాళ్ళలో పెద్దాయన పేరు మెరాయా. పక్కన రాతగాడొకడు తోలు చుట్ట విప్పుకుని కూర్చున్నాడు. మగవాళ్ళనే పిలిచారు. నేను ఉజ్జీని ఎత్తుకుని, తిర్సా చెయ్యి పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను.

పెలత్యా వంతు వచ్చింది.

"భార్య?" అన్నాడు రాతగాడు.

"అష్డోదు ఆవిడండి."

"ఊరు కాదయ్యా. పేరు."

మా ఆయన తడబడ్డాడు. ఇంట్లో "ఏమే" తప్ప ఇంకో పిలుపు లేదు. "అరీ... అరిషా..." అంటుంటే వెనకున్నవాళ్ళు నవ్వారు.

"అరిషతు," అన్నాను గోడ పక్కనుంచి.

మెరాయా తలెత్తి చూశాడు. పెలత్యా గబగబా చెప్పాడు: "ఆమె వెళ్ళడం లేదండి. దాసిగా ఉండిపోతుంది. మా అమ్మకి ఒంట్లో బాగాలేదు."

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన తలాడించాడు. రాతగాడు కలం ముంచబోయాడు.

నేను ముందుకి నడిచాను.

"పెద్దయ్యా, ఒక మాట."

"ఆడవాళ్ళు అవతల ఉండాలమ్మా."

"ధర్మశాస్త్రం చదివిన రోజు అవతల ఉండమనలేదు కదయ్యా. మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి వినమన్నారు. పొద్దున్నుంచి మిట్టమధ్యాహ్నం దాకా వీణ్ణి చంకనేసుకుని నిలబడి విన్నాను."

"వింటే విన్నావు. ఇప్పుడేం కావాలి?"

"పెళ్ళాన్ని పంపించేసేవాడు పత్రం రాసి ఆమె చేతికివ్వాలని చదివారు. నా చేతికివ్వండి."

పెలత్యా నా భుజం పట్టుకున్నాడు. "ఏమే, పిచ్చెక్కిందా? నిన్ను ఉంచుకుంటానంటుంటే..."

"మీ ఆయన మంచివాడమ్మా," అన్నాడు మెరాయా ఓపిగ్గా. "ఎంతమంది వీధిన పడుతున్నారో తెలుసా? నీకు నీడ ఇస్తానంటున్నాడు. దాసిగా ఉండటానికి నీకేం నొప్పి?"

"నన్ను సంతలో కొన్నాడా పెద్దయ్యా? యుద్ధంలో పట్టుకొచ్చాడా? పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాడు. భార్యనైతే ఉంచుకోమనండి. కాదంటే రాసివ్వమనండి. రెండూ కాకుండా మూడోది మీ శాస్త్రంలో ఉంటే చదవండి, వింటాను."

రాతగాడు కలం పక్కన పెట్టాడు. అతను కుర్రవాడు, నవ్వు ఆపుకుంటున్నాడో ఏమో తల దించుకున్నాడు. ముగ్గురు పెద్దలూ తలలు దగ్గర పెట్టి చాలాసేపు గొణుక్కున్నారు.

"ఆమె చెప్పింది శాస్త్రమే," అన్నాడు చివరికి మెరాయా, చేదు మింగినట్టు. "రాయించు పెలత్యా."

"కారణం ఏమని రాయను?" రాతగాడు అడిగాడు. "ఏదైనా తప్పు చేసిందా?"

పెలత్యా నేల చూస్తూ, "లేదు," అన్నాడు.

"వంట చెయ్యదా? మాట వినదా?"

"చేస్తుంది. వింటుంది."

"మరి?"

"అన్యురాలు అని రాయవయ్యా," అన్నాడు మెరాయా విసుగ్గా. "ఇంకా ఎనిమిది ఇళ్ళున్నాయి."

రాశాడు. అప్పుడు మా ఆయన ఉజ్జీ చెయ్యి పట్టుకున్నాడు. "వీణ్ణి నేనుంచుకుంటాను. ఆడపిల్లని తీసుకెళ్ళమనండి."

"కుదరదు. తల్లులతో పాటు వాళ్ళ పిల్లలు కూడా అని కదా ఒట్టు వేశావు?" అన్నాడు మెరాయా.

పెలత్యా అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు. వానలో అరిచిన అరుపులో ఈ మాట కూడా ఉందని అప్పుడే గుర్తొచ్చినట్టుంది. మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. నాకు జాలి వేసింది. దగ్గరికి వెళ్ళి లేపాలనిపించింది కూడా. ఆయన పడినప్పుడల్లా లేపడం నా పనే కదా. చెయ్యి చాచి రాతగాడి దగ్గర పత్రం తీసుకున్నాను.

"చదవడం వచ్చా?" అని మెల్లిగా అడిగాడు ఆ కుర్రాడు.

"రాదు. చదివేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు," అన్నాను.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. పెలత్యా గాడిదని ఇచ్చాడు. మెట్లచేల చివరిదాకా వచ్చి ఆగిపోయాడు. మా అత్త మాత్రం గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి, తిర్సా నెత్తిన రెండు చేతులూ పెట్టి ఏదో గొణిగి, తర్వాత నావైపు చూసింది.

"వెళ్ళకే," అంది. "పిండెవరు విసురుతారు?"

ఆమె ఇంకెలా చెప్పగలదు? ఆమెకీ ఆ ఇంట్లో ఎవరూ ఇంకో మాట నేర్పలేదు. వంగి ఆమె కాళ్ళకి దండం పెట్టాను. ఆమె తుంటికి రాసే నూనె ఎక్కడుందో చెప్పాను.

అష్డోదు చేరడానికి రెండు రోజులు పట్టింది. నాన్న అప్పటికే పోయాడు. ఇప్పుడు ఇల్లు మా అన్న హన్నోది. వదిన నన్ను చూసి మొదట గుర్తుపట్టలేదు, నేను మాట్లాడాక నవ్వింది. "నువ్వు యూదుదానిలా మాట్లాడుతున్నావేంటే?" అంది. వీధిలో పిల్లలు ఉజ్జీని "కొండోడా" అని వెక్కిరించారు. ఇక్కడ కూడా మేం పరాయివాళ్ళమే. అదేం నన్ను కుంగదియ్యలేదు. రేవులో చేపలకి ఉప్పు పట్టించే ఆడవాళ్ళతో కలిశాను. సాయంత్రం కాగానే పని ఆగిపోతుంది. ఆగిపోయిన పనిని ఏం చెయ్యాలో తెలియక మొదటి పదిరోజులూ చేతులు ఒళ్ళో పెట్టుకుని సముద్రం చూస్తూ కూర్చున్నాను.

యూదుల లెక్కలో ఏడాదికి మొదటి నెల, పద్నాలుగో రోజు వచ్చింది. ఎవరూ గుర్తుచెయ్యలేదు. తిర్సాయే పొద్దున లేచి, "అమ్మా, ఇవాళ పస్కా. మనం చెయ్యకూడదా ఇంక?" అంది. ఎవరు వద్దన్నారు? ఆ పండగ నేనూ పన్నెండుసార్లు చేశాను, నాకూ కొంత హక్కుంటుంది. గొర్రెపిల్ల లేదు. చేదు ఆకులు దొరికాయి. పులవని పిండితో రొట్టెలు కాల్చాను. వదిన వింతగా చూసి తనూ ఒకటి తుంపుకుంది.

వాళ్ళ తాతముత్తాతలు ఐగుప్తులో దాస్యం వదిలి రాత్రికి రాత్రి బయటపడ్డ ఆ పస్కా కథ, ఆ ఇంట్లో చెప్పేది మగవాళ్ళే. చిన్న పిల్లాడు అడగాలి, తండ్రి చెప్పాలి. పన్నెండేళ్ళూ ఆ కథ పొయ్యి దగ్గరనుంచే విన్నాను, సగం సగం. ఉజ్జీ తనకి నేర్పినట్టే కూర్చుని, నావైపూ వాకిలివైపూ చూసి, ఇంకెవరూ రారని తెలుసుకుని నన్నే అడిగాడు.

"అమ్మా, ఈ రాత్రి మనం ఈ రొట్టెలు ఎందుకు తింటాం?"

వాడి చేతిలో రొట్టె ముక్క పెట్టాను.

"మనం ఒక ఇంట్లో దాసులుగా ఉండేవాళ్ళం నాన్నా," అన్నాను. "అక్కణ్ణుంచి బయటికొచ్చాం. పిండి పులిసేదాకా ఆగలేదు."

ఐగుప్తు పేరు నేను ఎత్తలేదు.